నిలబడేవాడి ప్యాంటు

వర్నా టిబెట్స్ మోకాళ్ల మీద కూర్చుని, ముద్దాయి డెల్బర్ట్ తొడుక్కున్న ప్యాంటు అంచు విప్పుతోంది. అమెరికాలో, ఒహాయోలోని ఒక కోర్టు కింది గదిలో, ముద్దాయిలు జైలు బట్టల్లో, తీర్పు చెప్పే జ్యూరీ కంట పడకుండా దానమొచ్చిన సూట్లు సరిచేయడం ఆమె పని. నోట్లో గుండుసూదులుండగానే మాట్లాడుతుంది. “లాయరు వద్దన్నావటగా. లాయరే మాట్లాడతాడు, నువ్వు బల్ల వెనక కూర్చునే ఉంటావనుకుని పొట్టిగా కుట్టాను. నిలబడితే, పారిపోకుండా కాలికేసిన ఇనప పట్టీ కనిపిస్తుంది.”

“దొంగతనం చెయ్యలేదని నా నోటితోనే చెప్పాలమ్మా. సాక్షుల్ని నేనే ప్రశ్నలడగాలి.”

“నోరు నీది, కాళ్లు నావి. అటూ ఇటూ నడువు.” కొత్త అంచుకు సూదులు గుచ్చి, జ్యూరీ కూర్చునే ఎత్తులో తల పెట్టి చూసింది. పట్టీ కనబడలేదు.

“ఇక కాళ్లు చూడరు, నా మాటే వింటారు. నీ మేలు మరచిపోనమ్మా.”

“గెలిచాక ప్యాంటు మరచిపోకు. దానికోసం ఇంకొకడు కాచుకున్నాడు.”

చివరి కుట్టు వేసి, దారం కొరికి, అంచును అరచేత్తో అదిమి, తలుపు దగ్గరి గార్డుకు అతణ్ణి అప్పగించింది.