తవిటమ్మ బోణీకి వెళ్లిన రోజు

సముద్రం మధ్య కాపురం పెట్టి పడవెక్కనని భీష్మించుకున్న మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. పోర్ట్‌బ్లెయిర్‌లో, చాతం వంతెనకు ఇవతల, అలాంటి మనిషి ఒకావిడ ఉండేది. పేరు తవిటమ్మ. మొగుడు కన్నారావు చేపల వేటకు వెళ్లేవాడు. ఆ చేపల్ని గంపకెత్తుకుని మిడిల్ పాయింట్ బజారు దాకా నడిచి అమ్ముకొచ్చేది ఈవిడ. తినేది సముద్రం పెట్టిన కూడే. అయినా ఇరవై ఏళ్లుగా నీళ్ల మీద తేలే వస్తువు ఏదీ ఎక్కలేదు. గట్టుకు కట్టేసిన పడవలో కూర్చుని వల బాగుచేయవే అని మొగుడు పిలిచినా, ఆ వలేదో ఇటు విసురు అనేది తప్ప అడుగు ముందుకు వేసేది కాదు.

కారణం లేకపోలేదు. వీళ్లది విశాఖపట్నం పక్కన మంగమారిపేట. కొత్త జాగాలో బతుకు బాగుంటుందని ఇద్దరూ బయలుదేరినప్పుడు తవిటమ్మ చంకలో రెండేళ్ల పిల్ల. మద్రాసులో ఓడెక్కారు. ఎక్కిన కాసేపటికే కడుపులో తిప్పడం మొదలైంది. ఇక పోర్ట్‌బ్లెయిర్ వచ్చేదాకా పేగులు నోట్లోకొచ్చేట్టు కక్కుతూనే ఉంది. పిల్లను ఎవరెత్తుకున్నారో, ఎవరు పాలు పట్టారో కూడా తెలియదు. ఆ పాట్లలో ఉండగానే రెండు చేతులూ ఎత్తి, "నూకాలమ్మ తల్లీ, నన్ను గట్టున పడీ. మళ్లీ సముద్రం ఎక్కితే ఒట్టు" అని మొక్కేసింది. తల్లి గట్టున పడేసింది. తవిటమ్మ మాట మీద నిలబడింది.

చెల్లెలు ఎరుకమ్మ మాత్రం మంగమారిపేటలోనే ఉండిపోయింది. ఊరి నుంచి ఎవరొచ్చి ఓడ దిగినా ఎరుకమ్మ పంపిన ఎండుచేపల మూట ఒకటి తెచ్చేవారు. "మా అప్పని ఒక్కసారి రమ్మను" అన్న మాట కూడా తెచ్చేవారు. తవిటమ్మ మూట అందుకుని, "ఎలాగొస్తానురా, అమ్మోరికి మాటిచ్చీసినాను గదా" అని కొంగుతో కళ్లు తుడుచుకునేది.

ఇక ఆవిడ చెయ్యి. అబ్బో, ఆ చెయ్యి సంగతి మిడిల్ పాయింట్‌లో ఎవరినడిగినా చెబుతారు. పొద్దున్నే తవిటమ్మ వచ్చి ఓ సబ్బుబిళ్లో అగ్గిపెట్టో కొని బోణీ చేసిందంటే, ఆ కొట్టుకి సాయంత్రం దాకా జనం తెగరని నమ్మకం. నిజమో కాదో ఆ పైవాడికే ఎరుక. కూరగాయలమ్మే బెంగాలీ భయ్యా అయితే ఆవిడ కంటే ముందొచ్చిన వాళ్లను, "రుకో రుకో, దీదీకో ఆనే దో" అని నిలబెట్టేసేవాడు.

అలాంటి తల్లికి పుట్టి, గవరమ్మ ఇంకొకరి చేత బోణీ చేయించుకుంటుందా? గవరమ్మ అంటే ఓడలో వచ్చిన ఆ చంటిపిల్లే. పెళ్లయి బాంబూఫ్లాట్‌లో కాపురముంది. చాతం రేవులో ఫెర్రీ ఎక్కితే పావుగంట ప్రయాణం. అయినా తవిటమ్మ కూతురి గడప తొక్కలేదు. కూతురే వచ్చిపోతుండేది. పొద్దుగూకాక అవతలి గట్టున దీపాలు వెలిగితే, "అదిగో, ఆ ఎడమేపుది మా గవరదే" అని తవిటమ్మ అందరికీ చూపించేది. అది పోలీసు ఠాణా దీపమని తెలిసినవాళ్లు కూడా ఆ ముక్క పైకి అనేవారు కాదు.

ఆ గవరమ్మ బాంబూఫ్లాట్ రేవు ఎదురుగా టిఫిన్ హోటలు పెట్టింది. తెరిచే ముందురోజు తల్లి దగ్గరికి వచ్చి, నడుం మీద చెయ్యేసి నిలబడింది.

"రేపు నువ్వొచ్చి బోణీ సెయ్యాల. నువ్వు రాకపోతే ఇడ్లీలు కుక్కలికేస్తాను గానీ మనిషన్నోడికి అమ్మను."

"ఓలమ్మో! మరి అమ్మోరి మొక్కే?"

"మొక్కు నీది, హోటలు నాది. సెప్పాల్సింది సెప్పీసినాను."

అని చరచరా వెళ్లిపోయింది. తల్లి పట్టుదలే కూతురిదీను. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా!

తెల్లారగానే తవిటమ్మ తలకి పోసుకుని, వంటింటి మూల పసుపు రాసి పెట్టుకున్న నూకాలమ్మ రాయికి దణ్ణం పెట్టి, దాని నెత్తిన ఒక మందారం ఉంచింది. కుడివైపు రాలితే వెళ్లమన్నట్టు, ఎడమవైపు రాలితే వద్దన్నట్టు. పువ్వు రాలలేదు. వానాకాలపు చెమ్మకి, పచ్చి పసుపుకి బంక పెట్టి అంటించినట్టు కూర్చుంది. తవిటమ్మ దగ్గి చూసింది. అమ్మవారు చూడకుండా కాస్త ఊదింది కూడా. ఊహూఁ, కదిలితే ఒట్టు.

పక్కింటి మేరి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. మేరి మొగుడు నెహెమ్యా చాతం రంపపు మిల్లులో పనివాడు. ఆదివారం తెలుగు ఆరాధనలో మేరి పాట ఎత్తుకుందంటే ఆ మిల్లు రంపం కూడా నోరు మూసుకోవాల్సిందే. ఇద్దరి దేవుళ్లూ వేరు, ఇద్దరి ఇళ్లకూ గోడ ఒకటే. వదినా అంటే వదినా అనుకునేవారు.

"మీ తల్లి వద్దన్లేదు గదా వదినా?"

"ఎల్లమనీ అన్లేదు."

"మా ఆయనా అంతే, ఏదడిగినా పలకడు. సరే అన్నట్టే లెక్కేసుకుంటాను. ఇన్నాళ్లూ కాపురం సాగలేదేటి?"

తవిటమ్మకు నవ్వొచ్చేసింది. ఆవిడకు నవ్వొచ్చిందంటే సగం ఒప్పుకున్నట్టే. "రేవు దాకా ఎల్తాను. ఆపైన అమ్మోరి దయ" అని, ఖాళీ డాల్డా డబ్బా ఒకటి శుభ్రంగా తోమి చంకలో పెట్టుకుంది.

"డబ్బా దేనికే?"

"కక్కుకోడానికి."

ఇద్దరూ వంతెన దాటి చాతం రేవుకి చేరేసరికి బాంబూఫ్లాట్ నుంచి ఫెర్రీ వచ్చి ఆగింది. మిల్లు పనివాళ్లు దిగుతున్నారు, ఒక్కడి ముఖానా కళ లేదు. తాళ్లు పట్టే ఖలాసీ మల్లేశు గట్టు మీదికి దూకుతూనే కేకేశాడు.

"అమ్మా! మీ గవరమ్మ మొదటి వాయి దించీసినాది. జనం ఆకులేసుకుని కూకున్నారు. ఒక్కడికీ పెట్టదే! మీరొచ్చి బోణీ సేస్తే గాని మూత తియ్యదంట."

తవిటమ్మ గట్టు అంచు దాకా వెళ్లింది. ఫెర్రీకీ గట్టుకీ మధ్య నీళ్లు నల్లగా కదిలాయి. వెళ్లినంత వేగంగానే వెనక్కొచ్చి మేరి వెనకాల నిలబడింది. ఫెర్రీ వెళ్లిపోయింది.

అది తిరిగొచ్చేసరికి మల్లేశు గొంతు ఇంకా పెరిగింది. "కూలీల మేస్త్రీ ఆకలికాగలేక మూత ఎత్తబోనాడు. గవరమ్మ గరిటెతో సేతి ఏళ్ల మీద ఒక్కటిచ్చినాది! రేవంతా ఇడ్లీ వాసనే. ఆ వాసనకి నాకే కళ్లు తిరుగుతున్నాయి, జల్దీ ఎక్కండమ్మా!"

ఈసారి తవిటమ్మ ఒక కాలు చాపింది. అదే అదనుగా ఫెర్రీ కాస్త ఊగింది. "ఓలప్పో!" అంటూ కాలు వెనక్కి లాగేసుకుంది.

ఆ తర్వాతి ఫెర్రీలో మల్లేశు ఒక్కడే రాలేదు. దుంగలు మోసే కూలీలు ఇద్దరు ఖాళీ ఆకులు చేత్తో పట్టుకుని మరీ దిగారు. "చలియే నా మాజీ! సుబహ్ సే భూఖా హై" అని ఒకడు కడుపు చూపించాడు. రెండోవాడు తెలుగువాడే. "అమ్మా, మీరు అక్కడికైనా రండి, మమ్మల్ని మీ ఇంటికైనా తీసుకెల్లి ఉన్న గంజేదో పొయ్యండి" అన్నాడు. టికెట్లిచ్చేవాడు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. బీడీల కొట్టువాడు కొట్టు వదిలేసి వచ్చాడు. ఎక్కమ్మా ఎక్కు, ఎక్కమ్మా ఎక్కు అని రేవు రేవంతా చప్పట్లు.

ఆ గోలలో మేరి ఆవిడ చెవి దగ్గర నెమ్మదిగా అంది. "వదినా, మొక్కు నీది, పస్తు ఆళ్లది. ఏ తల్లైనా దీనికి ఒప్పుకుంటాదా?"

అది సూటిగా తగిలింది. అన్నం ముందు పెట్టుకుని పస్తుండే బిడ్డల్ని చూసి నూకాలమ్మ ఓర్చుకోదు. తవిటమ్మ అసలే ఓర్చుకోదు. 'తల్లీ, జుర్మానా ఏదుంటే అది ఆ గట్టున కట్టుకుంటాను' అనుకుంది. కళ్లు గట్టిగా మూసింది. ఒక చెయ్యి మేరికీ ఒక చెయ్యి మల్లేశుకీ ఇచ్చి, గభాలున ఎక్కేసింది. రేవులో ఈలలే ఈలలు.

బల్ల మీద కూర్చోబెట్టారు. డబ్బా ఒళ్లో, కళ్లు మూతే, నోట్లో నూకాలమ్మ పేరు.

"మేరీ, నడిసముద్రానికొచ్చీసినామా?"

"ఇంకా తాడు విప్పలేదే."

కాసేపటికి ఇంజను గుడగుడలాడింది. "ఇప్పుడో?"

"ఇప్పుడు విప్పారు."

తవిటమ్మ డబ్బాలోకి తల దూర్చేసింది. కక్కు కోసం ఎదురుచూసింది. రాలేదు. ఇంకాసేపు చూసింది. డబ్బాలో తన ఊపిరే తనకు గుయ్యిమని వినిపిస్తోంది తప్ప కడుపులో ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇంతలో ఫెర్రీ దేనికో దబ్బున తగిలింది.

"ఓలమ్మో! కొండకి కొట్టీసినాదేటి!"

"కొండ కాదు నీ మొహం కాదు. బాంబూఫ్లాట్ వచ్చింది, లే."

తవిటమ్మ డబ్బాలోంచి తల తీసింది. కళ్లు తెరిచింది. ఎదురుగా గట్టు, గట్టు మీద జనం, జనం వెనక పొగ కక్కుతున్న హోటలు, హోటలు ముందు గరిటె పట్టుకుని తన పిల్ల. వెనక్కి తిరిగి చూస్తే, అదిగో, తన చాతం అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు.

"ఇంతేనా?" అంది. ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. "ఇంతేనేటి! దీనికేనా నాను బయపడి సచ్చినాను!" ఆ కోపం సగంలోనే నవ్వైపోయింది. నవ్వు మొదలైతే ఆగదు కదా. మేరి నవ్వింది, మల్లేశు నవ్వాడు, పైన చక్రం పట్టుకున్న సరంగు నవ్వాడు. తవిటమ్మ అయితే డబ్బా వాయించుకుంటూ నవ్వింది. దిగమంటే దిగదు! "కళ్లు మూసుకున్నాను గదరా, ఏటీ సూడ్నేదు. మళ్లీ తిప్పు" అంటుంది. అప్పటికే అవతలి జనం ఓపిక అయిపోయింది. నలుగురొచ్చి ఆవిడను బల్లతో సహా ఎత్తుకుపోయి హోటలు ముందు దింపారు.

గవరమ్మ తల్లిని చూసింది. గరిటె కింద పెట్టి, చంటిపిల్లలా వచ్చి మెడ కావలించుకుంది. "వచ్చీసినావేటే" అని ఒకే మాట పదిసార్లు అంది. తవిటమ్మ కొంగుముడి విప్పి నాణెం చేతిలో పెట్టింది. మూత లేచింది. ఆవిరి గుప్పుమంది. మొదటి ఇడ్లీ ఆకులో పడింది.

"తినమ్మా!" అని జనమంతా ఒక్కసారే అరిచారు.

తవిటమ్మ తినలేదు. ఆకు పట్టుకుని తిన్నగా రేవు చివరికి నడిచింది. ఇడ్లీని సగానికి తుంచి నీళ్లలో వేసి, "తల్లీ, మాట తప్పినాను. నీ జుర్మానా నువ్వు పుచ్చుకో" అంది. ఇడ్లీ తెల్లగా తేలింది. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. అంతలో చిన్నచేపల గుంపొకటి ఎక్కడినుంచో వచ్చి, చిందులు తొక్కుతూ క్షణంలో ఖాళీ చేసేసింది.

"అమ్మోరికి సెట్నీ అక్కర్నేదురోయ్!" అని కేకేసి, మిగతా సగం తవిటమ్మ నోట్లో వేసుకుంది. ఇక ఆ హోటల్లో జరిగింది తినడం కాదు, దండయాత్ర. వాయి మీద వాయి దిగింది, దిగింది దిగినట్టే పోయింది. తవిటమ్మ కూతురి ఇల్లు చూసింది, పెరట్లో కరివేపాకు మొక్క చూసింది, తాను రోజూ చూపించే దీపం ఎవరిదో తెలుసుకుని మళ్లీ పడీ పడీ నవ్వింది. బయలుదేరేటప్పుడు గవరమ్మ ఆ డాల్డా డబ్బా నిండా ఇడ్లీలు కుక్కి ఇచ్చింది.

తిరుగు ప్రయాణంలో తవిటమ్మ కూర్చుంటే కదా! ముందుకెళ్లి కమ్మీ పట్టుకుని, కళ్లు పత్తికాయల్లా విప్పుకుని నిలబడింది. అదేటి, ఇదేటి అని మల్లేశు ప్రాణం తీసింది. సరిగ్గా నడిమధ్యలో కన్నారావు వేట ముగించుకుని పడవకి తెడ్డేసుకుంటూ ఎదురయ్యాడు. తలెత్తి చూశాడు. ఫెర్రీ ముక్కు మీద పెళ్లాం, కొంగు జెండాలా ఎగురుతూ! చేతిలోని తెడ్డు నీళ్లలో పడిపోయింది.

"ఒసే తవిటీ! నువ్వేనేటే?"

"నానే! నువ్వేటి, నత్తలాగ ఎల్తన్నావు?" అని ఒక ఇడ్లీ గురిచూసి విసిరింది. ఆయన తెడ్డు సంగతి వదిలేసి ఇడ్లీ పట్టుకున్నాడు.

చాతం వచ్చినా దిగలేదు. ఇంకో తిరుగు తిరిగింది. డబ్బాలో ఇడ్లీలు సరంగుకో రెండు, ఖలాసీలకో రెండు, ఎక్కిన చంటిపిల్లలకల్లా తలా ఒకటి పంచేసింది. ఆ రెండో తిరుగులో చాతం దగ్గరపడుతుండగా మద్రాసు ఓడ కనిపించింది. అప్పుడే వచ్చినట్టుంది, రేవులో తెల్లగా, మేడంత ఎత్తున నిలబడి ఉంది. తవిటమ్మ నవ్వు ఆగింది.

"కడుపులో తిప్పుతోందా?" అని మేరి కంగారుగా అడిగింది.

"నేదే." ఓడనే చూస్తూ అంది. "ఆ మొక్కు అమ్మోరు అడగనేదే మేరీ. నానే బయపడి సేసినాను. నా బయ్యానికి ఆ తల్లి పేరెట్టుకుని ఇరవై ఏళ్లు కూకున్నాను. అక్కడ మా ఎరుక ఎండుసేపలు కట్టి పంపుతానే ఉంది." కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. నీళ్లు కారుతుండగానే మళ్లీ నవ్వింది.

ఫెర్రీ ఆగింది. ఈసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తవిటమ్మ గట్టు మీదికి గెంతింది. వెనకే మేరి దిగుతూ ఖాళీ డబ్బా అందుకోబోయింది.

"దీంతో ఇంకేం పని వదినా, నాకియ్యి. కొబ్బరినూనె పోసుకుంటాను."

"ఇయ్యను." తవిటమ్మ డబ్బా వెనక్కి దాచుకుంది. "తోమి అట్టే పెట్టుకోవాల."

"దేనికే?"

తవిటమ్మ మద్రాసు ఓడ వైపు చెయ్యి చూపించింది.

"అది పావుగంటలో ఎల్లదు గదే. నాలుగు రోజులు."