గవి దగ్గరికి వచ్చిన గొర్రెలు

నేను నర్సుని. మదనపల్లెలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పని. చనిపోయినవాళ్లకి ఒళ్లు తుడిచి, గుడ్డ చుట్టి పంపించి, చేతులు కడుక్కుని అన్నం తినే ఉద్యోగం. దయ్యాలూ గియ్యాలూ అని వార్డులో ఎవరైనా మొదలుపెడితే నాకు చిరాకు. ఇప్పటికీ నమ్మను. నమ్మని మనిషికి జరిగింది కాబట్టే రాస్తున్నాను.

మాది కుప్పం దగ్గర పల్లె. మా ఆయన రెడ్డెప్ప వాళ్లది మదనపల్లెకి దగ్గర, తంబళ్లపల్లె వైపు, గొర్రెలు మేపుకునే కుటుంబం. చిత్రం ఏమిటంటే, పెళ్లయ్యాక ఆయనకి కుప్పంలో గ్రానైటు పని దొరికింది, నాకు మదనపల్లెలో. ఆయన ఆదివారం వస్తాడు. నాకు ఆదివారం డ్యూటీ పడితే బస్టాండులోనే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం. చివరికి పోట్లాటలు కూడా మానేశాం. విడిపోదాం అన్న మాట ఎవరూ పైకి అనలేదు. ఇద్దరి మనసులోనూ మాత్రం ఉంది.

అలాంటి ఒక ఆదివారం ఆయన చిన్నాయన, వెంకటప్ప మామ, రమ్మని ఫోన్ చేశాడు. వాళ్ల కొండ మీద గుహలున్నాయి. అక్కడ గవులంటారు. బండల సందులోంచి దిగితే భూమి కింద చాలా దూరం పోతాయట. బెంగళూరు నుంచి పిల్లలు టెంట్లు తెచ్చుకుని మరీ చూసిపోతుంటే, ఇంటి కోడలు చూడకపోతే ఎట్లా అని మామ పట్టు. నైట్ డ్యూటీ దిగి, నిద్ర లేకుండానే మా ఆయనతో బస్సెక్కాను.

కొండదారి పెద్ద ఎత్తేం కాదు. నాకే కాళ్లు లేవలేదు. మామ తన మందను కింద మేతకి వదిలి ముందు నడిచాడు. గవి దగ్గరికి చేరేసరికి నా పని అయిపోయింది.

"నేను దిగలేను మామా, ఈడే కూర్చుంటా," అన్నాను.

"సరేమ్మా. నువ్వు పైన ఉండావు గదా, మాకేం భయం ల్యా," అన్నాడాయన. ఊరికే అన్న మాటేమో అనుకున్నాను.

జేబులోంచి జారిపోతుందని మా ఆయన తన ఫోను నా చేతిలో పెట్టాడు. మామ టార్చి వెలుతురులో ఇద్దరూ దిగిపోయారు.

బండకి ఆనుకుని కూర్చున్నాను. నిద్రపోలేదు, అది గట్టిగా చెప్పగలను. ఆసుపత్రి నుంచి డ్యూటీ మార్పు గురించి ఫోన్ వస్తే మాట్లాడాను. ఆ తర్వాత నోరు విప్పలేదు.

కాసేపటికి కింద మేస్తున్న గొర్రెలు కొండెక్కడం మొదలుపెట్టాయి. మేసుకుంటూ కాదు, తలలెత్తుకుని తిన్నగా. వచ్చి నా చుట్టూ నిలబడి నా మొహంలోకే చూశాయి. దాహమేమో అనుకున్నాను. అదిలించినా కదల్లేదు. గాలి తప్ప ఇంకే చప్పుడూ లేదు.

చాలాసేపటికి వాళ్లిద్దరూ బయటపడ్డారు. మోచేతులు చీరుకుపోయి, ఒళ్లంతా మట్టి. మా ఆయన నా పక్కన కూలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. ఎన్నాళ్లయిందో ఆయన అలా పట్టుకుని.

"నువ్వు పిలస్తా ఉండబట్టి బతికినాం మే," అన్నాడు.

వానలకి మట్టి జారి, మామకి అలవాటైన దారి మూసుకుపోయిందట. వేరే సందులో దూరుతుంటే టార్చి బండల మధ్య పడిపోయింది. ఆ చీకట్లో ఎటు పాకినా రాయే తగిలిందట. అప్పుడు నా గొంతు వినిపించింది. అది వినిపించిన వైపే పాకుతూ వచ్చారు.

"నేను పిలవనే లేదప్పా," అన్నాను.

మామ నన్ను వింతగా చూశాడు. గొర్రెలు మేపే వాళ్లలో ఒక పద్ధతి ఉందని నాకు అప్పుడే తెలిసింది. తప్పిపోయిన గొర్రె కోసం ఎవరైనా గవిలో దిగితే, వాళ్లు బయటికొచ్చేదాకా పైనున్న మనిషి గొర్రెల్ని పిలిచే కూత పెడుతూనే ఉండాలి. ఒక్కో ఇంటికి ఒక్కో కూత. ఇంటి కోడలికి అది తెలియదని మామకి తోచనే లేదు. నాకది ఎవరూ నేర్పలేదు. నేను వాళ్ల మంద దగ్గరికి పోయిందే తక్కువ.

"మన ఇంటి కూతే పెట్టినావు గదమ్మా. నేను గూడా ఇన్నాను," అన్నాడు మామ. "ల్యాకుంటే ఈ గొర్లు యాల వచ్చినాయి ఈడికి?"

నేను గొర్రెల వైపు చూశాను.

ఆ తర్వాత కారణాలు చాలా వెతికాను. గాలాడని చోట, భయంలో మనిషికి ఏవేవో వినిపిస్తాయి. ఇద్దరికీ ఒకటే వినిపించిందంటే అదీ సరిపెట్టుకోవచ్చు. ఎండలో మేస్తున్న గొర్రెలకి ఏం వినిపించింది? వాటి మధ్యలో కూర్చున్న నాకెందుకు వినిపించలేదు? ఇంతవరకూ తేల్చుకోలేకపోయాను.

మా ఆయన కుప్పం పని మానేసి మదనపల్లెకి వచ్చేశాడు. అంతగా పిలిచిన మనిషిని వదిలి ఎట్లా ఉండేది అంటాడు. నేను పిలవలేదని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

ఆ పిలుపు ఎలా ఉండిందని ఒకసారి అడిగాను.

"ఏడస్తా పిలిసినావు మే," అన్నాడు.

ఆ రోజు నాకు ఏడ్చే ఓపిక కూడా లేదు.