మామ పేరు మీద టార్పాలిన్ బిల్లు

మొన్న మధ్యాహ్నం మా కోడలు మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని, మన పంచాయతీలో వీధిదీపాలు ఎవరి దగ్గర కొన్నారో, పైపులకు ఎవరికి ఎంత ఇచ్చారో, ఫోనులో చూస్తూ బిల్లు తర్వాత బిల్లు పైకి చదివేస్తూ ఉంటే, పప్పు ఏరుకుంటున్న నేను చాట ఒళ్లో పెట్టుకుని నోరు తెరుచుకుని ఉండిపోయాను. బిల్లుల సంగతికి కాదు. ఆ సరుకు ఇచ్చినవాళ్లలో ఆమెకు వరసకు పెదమామ అయ్యే మనిషి కూడా ఉంటే, ఆయన పేరును ఇంటిపేరుతో సహా, సంతలో కూరగాయల ధర చదివినంత తేలిగ్గా చదివేసి తర్వాతి బిల్లుకు పోయింది. అటుగా వచ్చిన మా ఆయన ఆగి విని, తల ఊపి వెళ్లిపోయాడు. ఇల్లు కూలలేదు, ఎవరికీ తుమ్ము కూడా రాలేదు. ఓరి దేవుడా, ఇంత సులువైన పనికేనా నేను ఆ రోజు ఊరందరి ముందు చెమటలు కక్కింది అనుకున్నాను.

మన ఈడు ఆడవాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, చిన్నవాళ్లు కూడా చదువుతారేమోనని చెబుతున్నాను. మొగుడి పేరు, మామ పేరు ఆడమనిషి నోట పలికితే వాళ్ల ఆయుష్షు తరుగుతుందని మా అత్తకు గట్టి నమ్మకం. గుళ్లో అర్చన చేయించాలంటే ఆమె పక్కనున్న ఏ పిల్లవాణ్ణో గిల్లి పేరు చెప్పించేది, పిల్లలెవరూ దొరకని రోజు అర్చన మానుకుని టెంకాయ మాత్రం కొట్టుకుని వచ్చేసేది. మామది ఒక దేవుడి పేరే కావడంతో ఆ దేవుణ్ణి కూడా మా ఇంటి ఆడవాళ్లం "కొండమీదాయన" అని సరిపెట్టుకునేవాళ్లం. దేవుడు ఏమనుకున్నాడో నాకు తెలియదు, మాకు వరాలు ఇవ్వకపోవడానికి అదే కారణమైనా కావచ్చు.

మా అత్తగారి ఊరు రాప్తాడుకు దగ్గర. మామకు అక్కడ చిన్న అంగడి ఉండేది, పలుగులు, పారలు, గంపలు, తాళ్లు, పొలం పనికి కావలసినవన్నీ అమ్మేవాడు. వాన ముఖం చాటేసిన ఏడు పలుగు కొనేవాడు ఎవడుంటాడు, ఆ ఏడు మా ఇంట్లోనూ జొన్న సంకటే. అయినా పదో తరగతితో ఆ ఇంట్లో అడుగుపెట్టిన నన్ను, అంగడి మూసి మరీ సైకిలు వెనక కూర్చోబెట్టుకుని అనంతపురం తీసుకుపోయి ఇంటర్ పరీక్షలు రాయించిన మనిషి ఆయన. "ఆమెకి పరీచ్చలు, నీకి సైకిలు తొక్కేది, నాకేమో బోకులు తోమేదా?" అని అత్త అరుస్తూ ఉంటే, ఆయన వినపడనట్టు చక్రాలకు గాలి కొట్టుకునేవాడు. నా కన్నతండ్రి కూడా నా చదువు కోసం అంత కష్టపడలేదు, ఉన్న మాట చెప్పడానికి సిగ్గెందుకు.

ఆ తర్వాత ఉపాధి పనులు వచ్చాయి, గుర్తుండే ఉంటుంది, ఎండలో గట్లు వేయడం, గుంతలు తవ్వడం. ఆ పనులకు పెట్టిన ప్రతి ఖర్చునూ, ఏ సరుకు ఎవరి దగ్గర కొన్నదీ, బిల్లులతో సహా ఊరి ముందు మైకులో చదివి వినిపించాలని నియమం పెట్టారు. చదివేవాళ్ల కోసం వెతుకుతుంటే మామే నా పేరు రాయించాడు. అత్త మూడు పూటలా మూతి ముడుచుకుంది గానీ అడ్డం పడలేదు. నా గొంతు గట్టిది కాబట్టి ఇల్లిల్లూ తిరిగి విచారించే పని వేరేవాళ్లకిచ్చి, సభలో చదివే పని నాకిచ్చారు. పెళ్లయ్యాక నేను సంపాదించబోయే మొదటి జీతం అది.

ఎవరి సొంత ఊళ్లో వాళ్లు చదవకూడదని ఇంకో నియమం ఉంది, మంచిదే. కానీ ఆ ఆఫీసులో ఎవరో నా పదో తరగతి సర్టిఫికెట్ చూసి, అందులో పామిడి దగ్గర మా పుట్టినూరు ఉంటే, ఈమె పామిడి మనిషి కదా అని నన్ను పక్షపాతం లేకుండా నేరుగా మా అత్తగారి ఊరికే వేశారు. మొత్తుకున్నాను, నాకు పెళ్లయింది సార్ అన్నాను. సర్టిఫికెట్‌లో అలా లేదమ్మా అన్నారు. కాదంటే పేరు కొట్టేస్తామన్నారు, నోరు మూసుకున్నాను.

సభ రోజు బడి ఆవరణలో షామియానా వేశారు, కాగితాల కట్ట అప్పుడే నా చేతికిచ్చారు. తిరగేస్తే మధ్యలో మామ బిల్లు. పనిచేసేవాళ్లకు నీడ కోసం కొత్త టార్పాలిన్ పట్టలు ఇచ్చినట్టు రాసి, కింద ఆయన పేరు, సంతకం. అయితే ఆ పట్టలు ఎంత కొత్తవో, అంతకు ముందు ఏడు వాటి మీద వేరుశనగ ఎండబోసి, కాకుల్ని తోలుతూ కూర్చున్న నాకు తెలియదా? చదివితే నన్ను చదివించిన మనిషి పరువు నా నోటితోనే పోతుంది. దాటేస్తే, ఇంటి బిల్లు కోడలు దిగమింగిందని ఊరు నన్ను ఉతికి ఆరేస్తుంది, మళ్లీ ఏ సభలోనూ నా గొంతు ఎవరూ నమ్మరు.

మొదట్లో బాగానే సాగింది. మందుల పెట్టె బిల్లు చదివితే, అందులోని గాజుగుడ్డతో మేస్త్రీ భార్య పాలు వడగట్టుకుంటోందని ఇద్దరు ఒకేసారి లేచారు. వెనక నుంచి ఒక ముసలాయన లేచి, "అది సరేప్పా, ఈ మైకుది బిల్లు ఎప్పుడు చదువుతారు?" అని అడిగితే, పట్నం నుంచి వచ్చిన ఆఫీసరు దానికీ ఒక కాగితం వెతికించాల్సి వచ్చింది. అందరూ నవ్వుతున్నారు, నేను మాత్రం మామ బిల్లుకు ఇంకా ఎన్ని కాగితాలు ఉన్నాయో లెక్కపెట్టుకుంటున్నాను.

ఆ బిల్లు రానే వచ్చింది. గుండె రాయి చేసుకుని సరుకు చదివాను, కొత్తవి అన్న మాటా చదివాను, ధరా చదివాను. పేరు దగ్గరకొచ్చేసరికి ఆగిపోయాను. ఆఫీసరు మైకు పోయిందేమోనని దాన్ని తట్టి చూశాడు. తర్వాత రాత అర్థం కాలేదేమోనని తన కళ్లద్దాలు తీసి నాకిచ్చాడు. ఆయన అద్దాల్లోంచి మామ పేరు ఇంకా పెద్దదిగా కనిపించింది తప్ప ప్రయోజనం లేదు. పేరు చదవకపోతే బిల్లు చదివినట్టు లెక్క కాదమ్మా అని ఆయన విసుక్కుని, అద్దాలు లేక తనకూ రాత ఆనక, ముందు వరుసలోని ఆడవాళ్లతో, మీరైనా చెప్పండమ్మా అన్నాడు. ముందు వరుసంతా కొంగులు నోట్లో కుక్కుకుంది.

"వాళ్లనడిగితే తెల్లారిందాకా చెప్పరు సార్," అన్నాడు ఆ మైకు ముసలాయన. "ఆయమ్మకి మామ, ఈయమ్మకి మొగుడు, ఆ కొసనుండే ఆమెకి బావ."

మగవాళ్లు చెప్పొచ్చు కదా అంటారేమో. ఊళ్లో అంత వినోదం రోజూ దొరుకుతుందా ఏమి, ఒక్కడు పెదవి విప్పలేదు. ఇంతలో ఎవడో కుర్రాడు, "ఇంట్లో బిల్లని దాస్తాండారు, యాడ చదువుతుంది?" అని అరిచాడు. నవ్వులు ఆగిపోయాయి. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కాగితం మీద అక్షరాలు అలుక్కుపోయాయి, ఆ నిమిషం భూమి చీలితే బాగుండుననిపించింది.

అప్పుడు గోడ వారగా కూర్చున్న మామ లేచాడు. భుజం మీది టువ్వాల సర్దుకుని, ఇంటిపేరు, తండ్రి పేరు, తన పేరు, మైకు అవసరం లేకుండా చెప్పాడు. అత్త రెండు చెవులూ మూసుకుంది. ఆయన కూర్చోబోతుంటే ఎవరో, "పట్టలు కొత్తవేనా మామా?" అన్నారు. ఆయన నా వైపు చూశాడు, నేను తల ఎత్తలేకపోయాను.

"కొత్తవి కాదప్పా. మేము బుడ్డలు ఎండబోసిన పట్టలే, కడిగి ఇచ్చినా. కొత్తవని రాసింది నేనే. దుడ్లు ఎనక్కి కడతా," అని, నాతో, "పాపా, నువ్వు చదివింది కరెక్టే. ముందుకి పో," అన్నాడు.

"కడిగింది కూడా అబద్ధమే!" అని కూలి మనుషుల్లోంచి ఒకామె లేచింది. "నీడలో కూచుంటే నెత్తిన బుడ్డలు రాల్తాండె, మేము ఏరుకోని తింటిమి!"

వాటికి వేరే బిల్లు వేయమని ఇంకొకరు అన్నారు. అంతే, ఆఫీసరుతో సహా అందరూ పడీపడీ నవ్వారు, మామ కూడా నవ్వేశాడు. నేను ఏడుస్తూనే నవ్వుతూ తర్వాతి బిల్లు అందుకున్నాను.

ఇంటికి పోయాక అత్త నన్ను తిడుతుందనుకుంటే, మామకు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసి, కోడలు నోరు జారలేదు కాబట్టి బతికిపోయావని నన్నే మెచ్చుకుంది. పరువు సంగతి ఆమె లెక్కలోనే లేదు. నేను అంగడి మెట్ల మీద కూర్చున్న మామకు చెంబుతో నీళ్లు ఇచ్చాను. "దాటేసింటే నిన్ను అనేవాళ్లు. నన్నంటే ఏముండాది, చేసింది నేనే గదా," అన్నాడు. దుడ్లు కట్టేశాడు. తర్వాత చాలా ఏళ్లు తాడు కొనడానికి వచ్చినవాడల్లా, ఇది కొత్తదేనా మామా అని అడిగేవాడు, ఆయన ఓపిగ్గా లాగి చూపించేవాడు.

ఇప్పుడు సర్కారు ఖర్చు ఎవరైనా, ఎక్కడైనా, ఎప్పుడైనా చూసుకోవచ్చు, సంతోషమే. కానీ చదివేవాళ్లు ఒంటరిగా చదువుకుంటున్నారు. ఊరంతా ఒకచోట కూర్చుని వినడం, లేచి అడగడం, అడిగితే ఎదురుగా ఒక మనిషి నిలబడి జవాబు చెప్పడం, తిట్టుకున్నాక కలిసి నవ్వుకోవడం, అవి ఏ పక్కకు పోయాయో.

పోయిన చలికాలంలో మామ పోయాడు. మరణ ధ్రువపత్రానికి ఆఫీసుకు వెళితే, మా ఆయన ఏదో జిరాక్సు కోసం బయటికి పోయిన సమయానికే కిటికీ వెనకున్న అమ్మాయి, చనిపోయినవారి పేరు చెప్పమంది. గిల్లడానికి పక్కన పిల్లలెవరూ లేరు. అయినా తరిగిపోవడానికి ఇంకేం ఆయుష్షు మిగిలింది? ఇంటిపేరు, తండ్రి పేరు, ఆయన పేరు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా నోటితో చెప్పాను. వరుసలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"ఎందుకమ్మా అంత గట్టిగా అరుస్తాండావు?" అంది ఆ అమ్మాయి. "నాకినపడ్తాండాది."