తిత్తిలో దయ్యం

రేవులో పడవలు బాగుచేసే మేస్త్రీకి ఏ పడవని చూపించినా అందులో దయ్యమే కనిపించేది. కొత్తదా, పాతదా, నిన్నగాక మొన్న కొన్నదా అన్న తేడా ఆయనకి లేదు. వంగి, పడవ వెనక భాగానికి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని "ఉంది" అనేవాడు. ఏముందని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. అందుకే రేవంతా ఆయన్ని దయ్యాల మేస్త్రీ అనేవారు. ఆయన ఆ పేరుకి మురిసిపోయి, షెడ్డు మీద రాయిద్దామని కూడా చూశాడు. భార్య ఒప్పుకోలేదు.

ఆయన దయ్యాలకి ఇష్టాయిష్టాలుండేవి. ఒకటి గ్రీజు పెట్టని చోట కాపురం పెట్టేది. ఇంకొకటి నట్లు వదులుగా ఉంటే చాలు, వచ్చి వాలేది. మూడోది ఇంజన్ ఆపకుండా పెట్రోలు పోసేవాడి పక్కనే కూర్చునేది. "అది మహా చెడ్డది. దానికి సిగరెట్ అలవాటు కూడా ఉంది" అని గొంతు తగ్గించి చెప్పేవాడు.

ఆయన దగ్గర పనిచేసే మేనకోడలికి ఈ గోల బొత్తిగా గిట్టేది కాదు. ఇంజన్ల పని బడికెళ్ళి నేర్చుకుని వచ్చిన మనిషి.

"మావయ్యా, బేరింగ్ అరిగిందని చెప్పొచ్చుగా! దయ్యం ఏడుస్తోందంటావేంటి?"

"మరి అరగదీసిందెవరు?"

"వాళ్ళే. గ్రీజు పెట్టక."

"అదిగో, మనుషుల్ని అనేస్తావు" అని ఆయన నొచ్చుకునేవాడు, వాళ్ళంతా తన చుట్టాలైనట్టు.

ఒక పొద్దున, ఎదుటి మనిషి కనిపించనంత పొగమంచులో ఇద్దరు తోడల్లుళ్ళు వచ్చారు. ఇద్దరికీ కలిపి ఒకే షికారు పడవ. డబ్బు పెద్దాయనది, నడపడం చిన్నాయన పని. కొన్నాళ్ళుగా ఏ రోజు చూసినా తెల్లారేసరికి పడవలో నీళ్ళుంటున్నాయి. పెద్దాయన ఒంటికాలి మీద లేస్తున్నాడు.

"ఇది వీడి నిర్వాకమని తేలిందా, ఇవాళ్టితో పొత్తు సరి. రాకపోకలు కూడా బంద్. మా ఆవిడ వాళ్ళ గుమ్మం తొక్కదు, వాళ్ళావిడ మా గుమ్మం తొక్కదు."

"అన్నయ్యా, నేనేం చేశాను?" అని చిన్నాయన నీళ్ళు నమిలాడు. తన కోపానికి అక్కచెల్లెళ్ళు ఎందుకు విడిపోవాలో పెద్దాయన చెప్పలేదు, అడిగే ధైర్యం చిన్నాయనకి లేదు.

నలుగురూ రేవు చివరికి నడిచారు. మంచులో ముందు తాడు కనిపించింది, ఆ తర్వాత పడవ. దాని వెనక భాగం నీళ్ళలోకి కుంగి ఉంది. మనుషుల చప్పుడు లేదు, పక్షుల చప్పుడు కూడా లేదు. ఉన్నట్టుండి పడవ లోపల టిక్కుమంది. ఏదో గరగరలాడింది. పడవ పక్కనున్న కన్నంలోంచి నల్లటి నీళ్ళు భళుక్కున బయటికొచ్చి, మళ్ళీ ఆగిపోయాయి.

"ఎవరు లోపల?" అన్నాడు పెద్దాయన. అంటూనే తోడల్లుడి వెనక దాక్కున్నాడు.

లోపల నీరు పెరిగితే దానంతటదే తోడిపోసే పంపు అది. మేనకోడలికి ఆ సంగతి తెలుసు. తెలిసినా చేతుల మీద రోమాలు లేచాయి. ఎందుకంటే పంపు ఆగాక ఇంకో చప్పుడు వినిపించింది. పడవ వెనక నుంచి, నీటి అల వచ్చినప్పుడల్లా, ఎవరో నిద్రలో పీల్చినట్టు ఒక ఊపిరి. అల వెళ్ళగానే ఒక నిట్టూర్పు. పంపులు ఊపిరి పీల్చవు. ఆమె నేర్చుకున్న పాఠాల్లో ఇది లేదు.

మేస్త్రీ పడుకుని చెవి ఆనించాడు. చాలాసేపు లేవలేదు. లేచాక మొహంలో నవ్వు లేదు.

"ఉంది. చాలాకాలంగా ఉంది" అన్నాడు.

పడవని బండి మీద షెడ్డులోకి లాగారు. షెడ్డు పగలు కూడా మసకే. ముసుగులు కప్పిన పడవలు వరసగా నిలబడి ఉంటాయి. పైనుంచి పాత రబ్బరు గొట్టాలు వేలాడుతూ, గాలి వస్తే ఒకదాన్నొకటి రాసుకుంటాయి. తోడల్లుళ్ళు లోపలికి రామని గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

ఈ రకం పడవలకి ఇంజన్ లోపల, నీళ్ళలో పంకా తిప్పే కాలు లాంటి భాగం బయట. రెంటినీ కలిపే ఇరుసు పడవ వెనక గోడలో కన్నం గుండా పోతుంది. కాలు అటూ ఇటూ తిరగాలి, పైకీ కిందికీ లేవాలి, నీళ్ళు మాత్రం లోపలికి రాకూడదు. అందుకని ఇరుసు చుట్టూ మడతలు మడతలుగా రబ్బరు తిత్తి తొడుగుతారు. అది చీలితే పడవ చడీచప్పుడు లేకుండా మునుగుతుంది.

నట్లు విప్పి మావయ్యా మేనకోడలూ కాలిని వెనక్కి లాగారు. అది మూలుగుతూ ఊడివచ్చింది. మేనకోడలు చీకటి కన్నంలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టింది. మెత్తగా, చల్లగా, తడిగా ఏదో తగిలింది. కింది వైపు రెండు పెదవుల్లా విడిపోయి ఉంది. నొక్కింది. అది ఆమె మొహం మీదకి ఉస్సురని ఊపిరి వదిలింది.

ఆమె ఎగిరిపడి, తల గోడకి కొట్టుకుంది.

"పలకరించిందా?" అన్నాడు మేస్త్రీ.

"చీలిన తిత్తి, మావయ్యా! అల కొట్టినప్పుడు గాలి పీలుస్తోంది, అంతే!"

తల రుద్దుకుంటూ టార్చి వేసి చూసింది. చీలిక కింది మడతల్లోనే ఉంది. పై మడతలు నలిగి అతుక్కుపోయాయి. అంటే కాలు నెలల తరబడి పైకెత్తే ఉంచారన్నమాట. కింది రబ్బరు సాగి సాగి చిట్లింది. నాచు పట్టకూడదని, పనిలేని రోజుల్లో చిన్నాయనే ఎత్తిపెట్టి ఉంటాడు.

"మావయ్యా, కాలు ఎత్తి..." అని మొదలుపెట్టింది.

"ఏం తేలింది?" అని గుమ్మంలోంచి పెద్దాయన గొంతు. "ఎవడి తప్పు?"

చిన్నాయనకి ఆ సగం మాటే చాలింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. మేనకోడలు జవాబు చెప్పబోయింది. మేస్త్రీ తడి తిత్తిని పీకి ఆమె చేతుల్లో కుక్కి, గుమ్మంలోకి నడిచాడు.

"దయ్యమండీ. కాలు పైకెత్తి కనిపిస్తే దానికి ఉయ్యాల. పట్టుకుని ఊగుతుంది. ఊగి ఊగి తిత్తి చింపేసింది. పడవ ఆపగానే కాలు కిందికి దించెయ్యాలి. అప్పుడు దానికి పట్టు దొరకదు."

"అయితే వీడి తప్పేం లేదంటావా?"

"దయ్యం ఈయన మాట వింటుందా?"

పోట్లాటకి తయారై వచ్చిన పెద్దాయనకి పోట్లాడ్డానికి మనిషి దొరకలేదు. తోడల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇన్నాళ్ళూ దాంతో ఒక్కడివే తిరిగావట్రా?" అన్నాడు.

వాళ్ళు వెళ్ళగానే మేనకోడలు కస్సుమంది. "తప్పు ఆయనదేగా! అబద్ధం ఎందుకు చెప్పావు?"

"తప్పు ఆయనకి తెలిసింది కదే. చూశావుగా ఆ మొహం. ఇక జన్మలో కాలు ఎత్తిపెట్టడు. పెద్దాయనకి కూడా తెలిస్తే ఇద్దరాడవాళ్ళు ఏడవడం తప్ప ఒరిగేదేముంది?"

"మరి దయ్యాన్ని ఆడిపోసుకున్నావుగా?"

"దానికేం? పరువు పోతే పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయా?"

మేనకోడలికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. గ్రీజు పెట్టనివాళ్ళూ నట్లు బిగించనివాళ్ళూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్ళెవరూ ఈ షెడ్డులోంచి తలవంచుకుని వెళ్ళలేదు. మావయ్య మీద ఆమెకి ఒక్కసారిగా ప్రేమ ముంచుకొచ్చింది. ఆ సంగతి చెప్పడానికి సిగ్గేసి, పాత జిగురు గీకడం మొదలుపెట్టింది.

కొత్త తిత్తికి జిగురు రాసి తొడిగారు. పొగ వెళ్ళే తిత్తి, గేరు తీగ మీది చిన్న తిత్తి, ఇంజన్ని చల్లార్చే నీటి గొట్టం, అన్నీ కొత్తవి వేశారు. మర్నాడు అదే మంచులో, తోడల్లుళ్ళ ఎదుటే, పడవని నీళ్ళలోకి దించారు. అలలు వచ్చి తగిలాయి. ఊపిరి లేదు, నిట్టూర్పు లేదు.

"పోయింది" అన్నాడు పెద్దాయన, గుసగుసగా.

టిక్కుమంది. పడవ నీళ్ళు ఉమ్మింది.

మేనకోడలు ఇంజన్ మూత ఎత్తి లోపలికి దూరింది. తిత్తి పొడిగా ఉంది. నీటి గొట్టం దగ్గర మాత్రం బొట్లు పడుతున్నాయి. దాని క్లిప్పు తను తొడిగింది, బిగించడం మరిచిపోయింది. చెవులు వేడెక్కాయి.

"ఇప్పుడెవరి తప్పు?" అని పైనుంచి పెద్దాయన ఉరిమాడు.

నాదేనండీ అనబోయింది. ఇంతలో మావయ్య తల పక్కకి వచ్చింది. ఆయన క్లిప్పు చూశాడు, మేనకోడల్ని చూశాడు, ఆమె చేతిలో స్క్రూడ్రైవరు పెట్టాడు. తర్వాత తల పైకెత్తి గట్టిగా అరిచాడు.

"ఇంకోటుందండీ! పిల్ల దయ్యం. ఇప్పుడిప్పుడే పని నేర్చుకుంటోంది. గదమకండి, జడుసుకుంటుంది."

మేనకోడలు పెదవి కొరుక్కుంటూ క్లిప్పు బిగించింది. బొట్లు ఆగాయి.

"పోయిందా?" అని అడిగాడు పెద్దాయన.

"పోలేదండీ" అంది మేనకోడలు లోపలి నుంచి. "కానీ బుద్ధి తెచ్చుకుంది."