ప్రసన్నకు గుర్తులేని శుక్రవారం

వెంగమాంబ కాలు గాలిలో ఆగిపోవడం మొదలై రెండు నెలలైంది. నడిచేటప్పుడూ పరిగెత్తేటప్పుడూ ఏ ఇబ్బందీ లేదు. ఎదుటి పిల్ల మొహం మీదికి కిక్ లేపినప్పుడు మాత్రం అది జానెడు దూరంలో ఆగిపోయేది.

"తాకనీ! తాకకపోతే పాయింట్ ఎట్టా వస్తాది?" అని కరాటే మాస్టరు కేశవ అరిచేవాడు. ఆమె తలూపి మళ్ళీ లేపేది. కాలు మళ్ళీ అక్కడే ఆగేది. జిల్లా పోటీలకు తప్పకుండా వెళ్తుందనుకున్న పిల్ల జనవరిలో బ్రౌన్ బెల్టు పరీక్ష తప్పింది. ఆమె కన్నా వెనక చేరిన ఇద్దరు పాసయ్యారు.

వెంగమాంబది సీతారామపురం దాటాక కొండ వారనున్న పల్లె. తండ్రి మాల్యాద్రి మేకలు కాస్తాడు. తల్లి కామమ్మ బెంగళూరులో భవనాల పనికి పోయి ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఆరో తరగతిలోనే పిల్లను తెచ్చి ఆత్మకూరు హాస్టల్లో వేశారు. ఎనిమిదిలో ఉండగా ప్రభుత్వం ఆడపిల్లలకు మూడు నెలలు కరాటే నేర్పమని కేశవను బడికి పంపింది. మూడు నెలలు అయిపోయాయి, జీతమూ ఆగింది, కేశవ మాత్రం మానలేదు. పగలంతా మందుల షాపులో నిలబడేవాడు. పొద్దున ఆరింటికీ, బడి వదిలాకా వచ్చి పదకొండు మంది పిల్లలకు నేర్పేవాడు.

గుట్టల్లో మేకల వెంట ఎక్కి దిగిన కాళ్ళు వెంగమాంబవి. ఏడాదిన్నరలో గ్రీన్ బెల్టుకు వచ్చింది. హాస్టల్లో బకెట్టు దగ్గర నుంచి అద్దం దాకా అన్నీ పదిమందివి. ఆ తెల్ల డ్రెస్సు ఒక్కటే తనది. దాన్ని తానే ఉతుక్కుని, ఎండ పోకముందే తీసి, దిండు కింద మడిచి పెట్టుకునేది.

జోడీగా ఆమెకు కుదిరింది ప్రసన్నకుమారి. ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే తరగతి. ప్రసన్న వాళ్ళకు బజారులో కిరాణా కొట్టుంది. తండ్రి జనార్దనయ్య బేరం చూసుకుంటే తల్లి పద్మావతమ్మ పొట్లాలు కట్టేది. ప్రసన్న రోజూ జేబులో వేయించిన శనక్కాయలు తెచ్చి సగం వెంగమాంబ చేతిలో పోసేది. దెబ్బ తగిలితే ముందు నవ్వి, తర్వాత ఏడ్చే పిల్ల ఆమె.

నవంబరులో ముసురు పట్టింది. బడి మైదానం బురదైపోయింది. ఆదివారం నెల్లూరులో పోటీలకు ఎంపిక. శుక్రవారం సాయంత్రం వాన కాస్త తెరపివ్వగానే కేశవ పిల్లల్ని ప్రార్థన జరిగే సిమెంటు అరుగు మీదికి ఎక్కించాడు. "మెల్లిగా ఆడండి" అని మొదట చెప్పింది ఆయనే. పది నిమిషాలయ్యాక, "ఇట్టా ఆడితే నెల్లూరోళ్ళు మిమ్మల్ని చూసి నవ్వతారు. ఆపకుండా కొట్టండి!" అని అరిచిందీ ఆయనే.

వెంగమాంబ ఆపలేదు. కుడికాలు వెళ్ళి ప్రసన్న దవడకు తగిలింది. అంత గట్టి దెబ్బేం కాదు. కాని తడి అరుగు మీద ప్రసన్న పాదాలు నిలవలేదు. పక్కకు పడిపోయింది. తల కుడివైపు మెట్టు అంచుకు కొట్టుకుంది. చెవిలోంచి రక్తం సన్నగా కారింది.

ఆటో వచ్చేలోపు కేశవ పిల్లలందరినీ దగ్గరికి పిలిచాడు. "ఎవురడిగినా, పరిగెత్తతా కాలు జారి పడిందని చెప్పండి. లేదంటే క్లాసు మూసేస్తారు. ఈ పాప పేరు కేసులోకి పోతాది." పిల్లలు వెంగమాంబ వైపు చూశారు. ఆమె నేల వైపు చూసింది. ప్రధానోపాధ్యాయినికీ, పరిగెత్తుకొచ్చిన జనార్దనయ్యకూ అందరూ అదే మాట చెప్పారు.

ప్రసన్న పన్నెండు రోజులు నెల్లూరు ఆసుపత్రిలో ఉండి, రెండు నెలలకు బడికి వచ్చింది. కుడి చెవి పోయింది. ఇక వినబడదని డాక్టర్లు తేల్చేశారు.

ఆమె తిరిగొచ్చిన రోజు వెంగమాంబ పొద్దున ప్రాక్టీసులో రెండుసార్లు తిట్లు తిని, జావ తాగి, బడికి పోయింది. ప్రార్థనలో ప్రసన్న వరస చివర నిలబడింది. 'సావధాన్' అన్నది వినబడక పక్క పిల్లను చూసి కాళ్ళు కలిపింది. లెక్కల పీరియడులో సారు పేరు పిలిస్తే గొంతు ఎటునుంచి వచ్చిందో తెలియక కిటికీ వైపు తిరిగింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

మధ్యాహ్నం గుడ్డు వలుచుకుంటూ ప్రసన్నే మాట్లాడింది. "నాకు ఆ రోజు ఏందీ గుర్తు లేదే. పొద్దున లేచింది గూడా గుర్తు లేదు. తడి అరుగు మీద పరిగెత్తి పడినానంట. మొద్దుదాన్ని కదా."

చుట్టూ కూర్చున్న కరాటే పిల్లలు పళ్ళేలలోకి తలలు వంచారు. వెంగమాంబ ముద్ద పళ్ళెంలోనే వదిలేసింది. లేచి వెళ్ళి కుళాయి కింద చెయ్యి కడుక్కుంది.

ఆ సాయంత్రం హాస్టల్ వార్డెను ఫోనుకు తండ్రి నుంచి కాల్ వచ్చింది. సిగ్నల్ కోసం మాల్యాద్రి గుట్టెక్కి చేస్తాడు; వెనక మేకల మెడగంటలు వినబడుతుంటాయి. వెంగమాంబ వరండా చివరికి పోయి మొత్తం చెప్పింది.

"ఆ పాప వాళ్ళింటికి పోయినావా?" అని చివర అడిగాడు.

"లేదు నాయనా."

"మరి నాకు చెప్తే ఏమొస్తాది?"

"సార్ క్లాసు పోతాది. అందురూ నన్నే అంటారు."

"అంటారు," అన్నాడు మాల్యాద్రి. "నన్ను రమ్మంటే రేపు బస్సుకు వస్తాను. ఇద్దురం పోదాం."

"వద్దులే. నేనే పోతాను."

మర్నాడు శనివారం. బడి వదిలాక ఆమె ప్రాక్టీసుకు పోకుండా బజారుకు నడిచింది. కొట్లో గిరాకీ పలచగా ఉంది. జనార్దనయ్య లేడు. పద్మావతమ్మ చింతపండు తూకం వేస్తోంది. ప్రసన్న వెనక బియ్యం బస్తా మీద కూర్చుని పుస్తకం చూసుకుంటోంది.

"రామ్మా, వెంగమాంబా. హాస్పిటల్‌కి గూడా రాలేదేందే నువ్వు?" అంది పద్మావతమ్మ.

వెంగమాంబ నిలబడే, మెల్లిగా చెప్పింది. "ప్రసన్న జారి పళ్ళేదు ఆంటీ. నేను కొట్టినాను. ఆడతా ఉంటే నా కాలు తగిలి పడింది. అబద్ధం చెప్పినాం."

తక్కెడ పళ్ళెం అలాగే వాలిపోయింది.

"ఏమంటా ఉండాదమ్మా?" అంది ప్రసన్న తలెత్తి. "నాకు వినపళ్ళా. వెంగా, ఈ పక్కకొచ్చి చెప్పు."

వెంగమాంబ బస్తాల మధ్య నుంచి ఆమె ఎడమ వైపుకు వెళ్ళింది. అదే మాట మళ్ళీ, ఈసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. వీధిలో ఎవరో ఆగి చూశారు.

ప్రసన్న పుస్తకం మూసి మెట్లెక్కి మేడ మీదికి పోయింది.

"రెండు నెల్లుగా దాన్ని ఎన్ని మాటలన్నానో తెలుసా నీకు?" అంది పద్మావతమ్మ. ఆమె కళ్ళు చింతపండు మీదే ఉన్నాయి. "ఒళ్ళు తెలీకుండా పరిగెత్తినావు, చెవి పోగొట్టుకున్నావు అని... అది ఊరుకుని వింటా ఉన్నింది. నిజమే కామోసు అనుకొని." తర్వాత చెయ్యి ఊపింది. "పో. పోమ్మా. ఆయనొచ్చే లోపల పో."

సోమవారం జనార్దనయ్య బడికి వచ్చాడు. ప్రధానోపాధ్యాయిని గది తలుపు మూసి చాలాసేపు మాట్లాడుకున్నారు. కేసు పెట్టలేదు, కరాటే మాత్రం ఆ రోజుతో ఆగిపోయింది. తొమ్మిది మంది పిల్లలు వెంగమాంబతో మాట మానేశారు. హాస్టల్లో భోజనాల వరసలో ఆమె పక్కన ఖాళీ పెట్టి కూర్చునేవారు. బ్రౌన్ బెల్టు వచ్చిన పిల్ల ఒకసారి మొహం మీదే అడిగింది: "చెప్పి ఏం చేసినావు? దానికి చెవి వచ్చిందా?"

ఫిబ్రవరిలో బస్టాండు దగ్గర కేశవ ఎదురయ్యాడు. మనిషి చిక్కిపోయాడు. ఆమె తప్పుకుని పోబోతే ఆయనే పిలిచాడు.

"నువ్వు చేసింది తప్పు గాదు పాపా. నేను చెప్పాల్సిన మాట అది. నీ నెత్తిన పెట్టినాను." ఇంకేదో అనబోయాడు, నెల్లూరు బస్సు రావడంతో గొంతు వినబడలేదు. ఆయన ఆ బస్సే ఎక్కిపోయాడు.

ప్రసన్న రోజూ బడికి వస్తూనే ఉంది. కుడి పక్కన గోడ ఉండేలా బెంచీ మార్పించుకుంది. వెంగమాంబ వైపు చూసేది కాదు. ఏప్రిల్లో ఆఖరి పరీక్ష రాసి అందరూ వెళ్ళిపోతుంటే మాత్రం, గేటు దగ్గర నీడలో నిలబడి పిలిచింది.

"ఆ రోజు చెప్పు," అంది.

"చెప్పినాను కదా."

"కొట్టింది గాదు. పొద్దున్నించి చెప్పు. నాకు ఆ రోజే లేకుండా పోయిందే. అమ్మనడిగితే ఏడస్తాది."

వెంగమాంబ ఆమె ఎడమ వైపుకు వచ్చి నిలబడి చెప్పింది. శుక్రవారం పొద్దున ప్రసన్న ఆలస్యంగా వచ్చింది. గొడుగు కమ్మీ విరిగింది. రెండో పీరియడులో సోషల్ టీచరు పటం గీయమంటే ఇద్దరూ తప్పు గీశారు. ఆ రోజు శనక్కాయలు మెత్తబడిపోయాయి, అయినా తిన్నారు. సాయంత్రం అరుగు మీద ప్రసన్న మూడు పాయింట్లు ముందుంది.

"నేనే ముందున్నానా?"

"నువ్వే. మూడు. అందుకే నేను కాలు గట్టిగా లేపినాను."

ప్రసన్న తల వంచి వింటోంది. చెప్పడం అయిపోయాక కూడా అలాగే నిలబడింది. పద్మావతమ్మ స్కూటీ గేటు ముందు ఆగింది, హారను రెండుసార్లు మోగింది. రెండోది వినబడి ప్రసన్న అటు తిరిగింది. వెళ్ళి వెనక సీటులో కూర్చుంది.

వెంగమాంబ హాస్టల్‌కి పోయి పెట్టె సర్దుకుంది. సీతారామపురం బస్సుకు ఇంకా గంటన్నర టైముంది.