సైనికుడి అరచేతిలో అయస్కాంతాలు

కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో అతన్ని అందరూ సేనాపతి అనేవారు. మనిషి బక్కపల్చన, తన తుమ్ముకు తనే ఉలిక్కిపడే రకం. కానీ ఇంట్లో ఒక గది నిండా అతనికి సైన్యం ఉండేది. ఈటెలు పట్టిన పాతకాలపు కాల్బలం, గుర్రపు రౌతులు, కందకాల బురదలో మునిగిన తుపాకీవాళ్లు, చీకట్లో చూసే కళ్లజోళ్ల కమాండోలు, అన్నీ జానెడు బొమ్మలే. సెలవు రోజున ఒక్కో బొమ్మను కెమెరా ముందు నిలబెట్టి మంచీచెడూ చెప్పేవాడు. ఆ కాలంలో బూటుకు అన్ని మేకులుండవనీ, ఆ బెల్టు వేరే యుద్ధానిదనీ మొహమాటం లేకుండా తేల్చేసేవాడు. అతను బాగుందంటేనే కొనేవాళ్లు వేలల్లో ఉండేవారు.

ఈ పిచ్చి అంటించింది ల్యాబులో అతనికి పని నేర్పిన మాస్టారు. బొమ్మ కనురెప్పకు రంగు వేసేటప్పుడు ఊపిరి బిగబట్టడం నేర్పిందీ ఆయనే. రిటైరయ్యాక ఆయన చిన్న వర్క్‌షాపు పెట్టి, మూడేళ్లు కిందామీదా పడి ఒక కత్తివీరుణ్ణి తయారుచేశారు. వీరుడి రెండు అరచేతుల్లో మిరియపు గింజంత అయస్కాంతాలు. కత్తీ డాలూ దగ్గరికి తెస్తే టక్కున అతుక్కుంటాయి. సోమవారం అమ్మకాలు మొదలవుతాయనగా మొదటి బొమ్మ సేనాపతికే పంపారు.

ఆదివారం పొద్దున వీడియో తీస్తుంటే కాలింగ్ బెల్ మోగింది. గ్యాస్ సిలిండర్ లోపల పెట్టించి అయిదు నిమిషాల్లో తిరిగొచ్చాడు. వీరుడు బల్ల మీద బోర్లా పడి ఉన్నాడు. కత్తి అందిస్తే జారిపోయింది. అరచేతులు తిప్పి చూశాడు. రెండు చిన్న గుంటలు, అంచున ఎండిన జిగురు. మూడేళ్ల కూతురు కుర్చీలో కాళ్లూపుకుంటూ కూర్చుంది.

"బుజ్జీ, ఇక్కడ మెరిసేవి ఉండాలి. ఏవమ్మా?"

"తినేశా."

"ఎన్ని?"

ఒక వేలు చూపించింది. కాస్త ఆలోచించి రెండో వేలు కూడా ఎత్తింది.

అతను పిల్లని చంకనేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. భార్య స్కూటర్ తీసింది.

ఎక్స్‌రేలో రెండూ కనిపించాయి.

"ఒక్కటైతే దానంతటదే పోయేది," అంది డాక్టరమ్మ. "రెండుంటేనే ప్రమాదం. పేగులోకి వెళ్లి తలోచోటా ఆగితే, మధ్యలో పేగుని నొక్కేసి అతుక్కుంటాయి. చిల్లు పడుతుంది. ఇప్పటికైతే పొట్టలోనే ఉన్నాయి. మత్తు డాక్టరు రాగానే నోట్లోంచి గొట్టం వేసి తీస్తాం."

"ఎంతసేపట్లో వస్తారండీ?"

"నలభై నిమిషాలు."

వరండాలో భార్య ఒక్కటే అడిగింది. "ఆ గది తలుపు తెరిచిపెట్టి ఎందుకెళ్లారు?"

అతనికి నాలుగు తిట్టినా బాగుండుననిపించింది. ఆమె తిట్టలేదు. రెండుసార్లు లేచి వెళ్లి పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి వచ్చింది. నలభై నిమిషాలన్నది గంట దాటింది. మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఇంకా దిగలేదన్నారు. పిల్లని లోపలికి తీసుకెళ్లాక తలుపులు మూసుకున్నాయి.

చివరికి డాక్టరమ్మ చిన్న స్టీలు గిన్నెతో బయటికొచ్చింది. అడుగున రెండు గింజలు ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. అప్పుడు గానీ భార్య ఏడవలేదు.

సాయంత్రం అతను ఫోన్ చేశాడు.

"మాస్టారూ, రేపు అమ్మకాలు ఆపండి. అయస్కాంతాలకు జిగురు పట్టడంలేదు. మా బుజ్జి రెండూ మింగేసింది."

"పిల్ల ఎలా ఉంది?"

"గండం గడిచింది."

"హమ్మయ్య. కానీ మూడొందల డబ్బాలు కట్టేశానురా. చిన్నపిల్లలకి కాదని డబ్బా మీద రాశాను కదా."

"రాశారు మాస్టారూ. దానికింకా చదవడం రాదు."

"ఒక్క నెల ఆగి చెప్పు. నీకు దణ్ణం పెడతాను."

ఆయన నోట ఆ మాట వినాల్సి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు. అయినా ఆ రోజే కెమెరా ముందు కూర్చున్నాడు. మొదట తన తప్పు చెప్పాడు, గది తెరిచి వదిలేశానని. తర్వాత వీరుడి ఖాళీ అరచేతులు దగ్గరగా చూపించాడు. మొహం, కవచం, కత్తి పిడి, అన్నీ ఇన్నేళ్లలో తను చూసినవాటిలో మేలైనవని కూడా చెప్పాడు. అది నిజం కనుక.

మాస్టారు అమ్మకాలు ఆపేశారు. మూడొందల డబ్బాలూ విప్పి, ఆరు వందల అరచేతుల్లో అయస్కాంతాల మీద ఇత్తడి మూతలు బిగించారు. నాలుగు నెలలు పట్టింది. ముందు అడిగినవాళ్లలో సగం మంది మనసు మార్చుకున్నారు. సేనాపతికి ఆయన మళ్లీ బొమ్మ పంపలేదు. అతనే కొనుక్కున్నాడు. కెమెరా ముందు పటకారుతో లాగి, మూత ఊడలేదని చూపించాడు.

మరుసటి ఏడు బొమ్మల ప్రదర్శనలో ఎదురుపడ్డారు. మాస్టారు అద్దాలు పైకి నెట్టుకుని, "పిల్ల బాగుందా?" అన్నారు.

"బాగుంది మాస్టారూ."

ఆయన తల ఊపి, ఎవరో కత్తి ఏ కాలంనాటిదని అడుగుతుంటే అటు తిరిగారు.