ఎనభై ఎనిమిది గవరయ్య

కలకత్తా వాట్‌గంజ్‌లో డాక్ కూలీల ఇళ్ల లైన్లలో గవరయ్యలు ముగ్గురున్నారు. ఒకడు నల్ల గవరయ్య, ఒకడు మీసాల గవరయ్య, మూడోవాడు ఎనభై ఎనిమిది గవరయ్య. మనకి కావలసింది ఈ మూడోవాడు.

డాక్‌లో క్రేన్ నడుపుతాడు. కూతురు సునీతకి పదో తరగతిలో ఎనభై ఎనిమిది శాతం వచ్చిన రోజున గిన్నెడు రసగుల్లాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి అంకె చెప్పి వచ్చాడు. సంబరంలో ఎవరికి చెప్పాడో మరిచిపోయి రెండిళ్లకి మళ్లీ వెళ్లాడు. వాళ్లేమీ గుర్తు చెయ్యలేదు. రసగుల్లా కదా!

గొంతు పెద్దది, గుండె మెత్తనిది. సునీత ఎనిమిదిలో ఉండగా, పిల్లలు చేరడం లేదని స్కూల్లో తెలుగు తీసేద్దామన్నారు. మీటింగులో గవరయ్య కుర్చీ ఎక్కి నిలబడి, “తెలుగు తీసీస్తే గేటు కాడ పడుకుంటాను! లారీలు నా మీంచి ఎల్లాలి!” అన్నాడు. ఆ గేటులోంచి లారీలు ఎప్పుడూ వెళ్లవు. అయినా తెలుగు నిలిచింది. తొమ్మిదిలో సునీత ఏడుస్తూ అందులో చేరింది.

ఇప్పుడు పన్నెండు పాసైంది. బెంగళూరు దగ్గర ఒక యూనివర్సిటీలో సముద్రాల మీద చదువు ఉందట. అదే కావాలంది. స్కాలర్‌షిప్ వస్తేనే చేరగలదు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మార్కులన్నీ చూసి, జీపీఏ అని నాలుగుకి లెక్క కడతారట. అది మూడున్నర దాటితేనే స్కాలర్‌షిప్‌కి చూస్తారు. దరఖాస్తుకి ఆ సాయంత్రమే గడువు.

కాగితాలు స్కాన్ చేయించడానికని పొద్దున్నే సునీత బయటికి వెళ్లింది. గవరయ్య ఊరుకుంటే బాగుండేది. పన్నెండో తరగతి మార్కుల జెరాక్సు కాపీ ముందు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు ఎనభై ఆరు, లెక్కలు ఎనభై మూడు, బయాలజీ తొంభై ఒకటి, కెమిస్ట్రీ ఎనభై ఒకటి, తెలుగు అరవై ఎనిమిది. క్రేన్ మనిషి కదా, సరుకంతా ఒకే కొక్కేనికి తగిలించి ఒక్కసారే తూచాడు. నూటికి ఎనభై రెండు. దాన్ని నాలుగుకి దించాడు. మూడుంపావు.

గుండెలో రాయి పడింది. ఓడని కిందికి లాగుతున్నది ఎవరా అని చూస్తే, తెలుగు!

చొక్కా గుండీలు పైదొకటి కిందిదొకటి పెట్టుకుని, ఆటో ఎక్కి ఖిదిర్‌పూర్‌లో లలితకుమారి టీచరింటి ముందు దిగాడు. ఆవిడ చెప్పేదీ తెలుగే.

“అమ్మా, ఒక్క మాట. తెలుగు మార్కు తీసీయలేరా?”

“తీసేయడమేమిటి గవరయ్యగారూ?”

“పోనీ, దాసీయండి. మా గుంట ఆ పరీచ్చ రాయనేదనుకోండి.”

టీచరు కళ్లజోడు సవరించుకుంది. “ఆ రోజు కుర్చీ ఎక్కింది మీరేనా, మీ తమ్ముడా?”

“నానేనమ్మా. ఎక్కినప్పుడు ఈ నాలుగుకి కట్టే లెక్కుందని నాకేటి తెలుసు?”

లోపలి గదిలోంచి కిసుక్కున నవ్వు వినిపించింది. గుమ్మంలోకి వచ్చింది సునీత. దరఖాస్తు ఒకసారి టీచరుకి చూపిద్దామని అక్కడికే వచ్చి కూర్చుందన్నమాట.

“ధుత్ నాన్నా! నన్ను కొట్టి మరీ తెలుగులో చేర్పించి, ఇప్పుడు దాసీమంటావేటి?”

“కొట్టలేదొలే. కేకలేసినాను, అంతే.”

గవరయ్య చెవులు ఎర్రబడ్డాయి. నల్లవాడు కాబట్టి బతికిపోయాడు. జేబులోంచి తన లెక్క తీసి చూపించాడు.

“అన్నీ కలిపి తూచేశారు,” అంది టీచరు. “వాళ్లు ఒక్కో సబ్జెక్టునీ విడిగా చూస్తారు. ఈ కాలేజీ పట్టికలో ఎనభై దాటితే ‘ఏ’ గ్రేడు, దానికి నాలుగు పాయింట్లు. ఎనభై ఒకటైనా నాలుగే, తొంభై ఒకటైనా నాలుగే. అరవై అయిదు దాటి ఎనభై లోపుంటే ‘బి’, దానికి మూడు. పాయింట్లన్నీ కలిపి, ఎన్ని సబ్జెక్టులో అన్నిటితో భాగించాలి. ఇంకో కాలేజీకి ఇంకో పట్టిక ఉండొచ్చు. ముందు అది చూసుకోవాలి.”

గవరయ్య వేళ్లు మడిచాడు. “ఇంగ్లీషు నాలుగు... లెక్కలు నాలుగు... బయాలజీ, కెమిస్ట్రీ నాలుగేసి... తెలుగు మూడు. పంతొమ్మిది! దాన్ని అయిదుతో...”

“మూడు పాయింట్ ఎనిమిది,” అంది సునీత.

“ఓలమ్మో!” కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. “మరి తొమ్మిదిలో జొరమొచ్చి లెక్కలు కూడా తగ్గినాయి కదే?”

“అవీ కలిపాం. నాలుగేళ్లకీ కలిపి మూడు పాయింట్ ఏడు. తెలుగు లాగింది రవ్వంతే. నీ తెలుగుకేటీ కాలేదు, నువ్వు బెంగపడకు.”

టీచరు కంప్యూటర్లో దరఖాస్తు పంపే బొత్తాం తనే నొక్కుతానని పట్టుబట్టాడు. కంటెయినర్లని అగ్గిపెట్టెల్లా ఎత్తి దించే చెయ్యి మౌస్‌ని రెండుసార్లు బల్ల మీంచి కింద పడేసింది. ‘స్కాలర్‌షిప్ పరిశీలనకు అర్హులు’ అని తెర మీద వచ్చింది. గవరయ్య టీచరు కాళ్లకి దణ్ణం పెట్టబోయి, కంగారులో సునీత కాళ్లకి పెట్టాడు.

ఆపైన ఆగుతాడా? తిన్నగా మిఠాయి కొట్టుకి. “ఎబార్ కతో పేలో, దాదా?” ఈసారి ఎన్నొచ్చాయని అడిగాడు కొట్టాయన.

“తీన్ పాయింట్ సాత్!”

కొట్టాయన గరిటె గాలిలో ఆగింది. జాలిగా రెండు రసగుల్లాలు ఎక్కువ వేశాడు.

లైన్లో మొదటి గడప అప్పమ్మది. అంకె వినగానే ఆవిడ చెంగుతో కళ్లొత్తుకుంది.

“పోనీలేరా బాబూ. మా జగన్మోహన్‌కి సున్నాలొచ్చినా ఇయాల లారీ నడపట్లేదేటి? మీ గుంటకి మూడైనా వొచ్చినాయి.”

“అది కాదు పిన్నీ! నూటిక్కాదు, నాలుగుకి!”

“నాలుగు మార్కుల పరీచ్చకి ఇన్నేళ్లు సదివించినావేటిరా!”

గిన్నె కింద పెట్టకుండా లైనంతా తిరిగే మనిషి ఇవాళ పెట్టాడు. గడప మీద చతికిలబడి, “ఇదిగో పిన్నీ, ఒక్కో రసగుల్లా ఒక్కో సబ్జెక్టనుకో,” అంటూ మూత మీద అయిదు వరసగా పేర్చాడు. ఇది ఇంగ్లీషు, ఇవి లెక్కలు, దీనికి నాలుగు, దానికీ నాలుగు... ఒళ్లు మరిచి చెప్పుకుపోతున్నాడు.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి అప్పమ్మ రెండు సబ్జెక్టులు తినేసింది.